గోనెసంచిలో అసలు కారు

నేను కొన్నప్పుడే దానికి పద్నాలుగేళ్ళు.
ఎర్ర పాలియో, వన్ పాయింట్ సిక్స్,
ఏపీ జీరో త్రీ నంబరు,
బానెట్టు మీద మామిడి సొన పడి కమిలిన మచ్చ.
అమ్మిన గ్రానైటు కాంట్రాక్టరు
తాళం చేతిలో పెట్టి చెప్పాడు:
"పెట్రోలు తాగతాదమ్మా, స్పేర్లు దొరకవు,
ఎవురినైనా తోడు పెట్టుకో."

తోడు, గ్రీమ్స్‌పేటలో ఏకాంబరం మేస్త్రి.
షెడ్డు పక్కనే బెల్లం మండీ.
ఈగలు అక్కణ్ణుంచి వచ్చి, గ్రీజు మీద వాలి,
నిరాశగా ఎగిరిపోతాయి.
మొదటిరోజు ఆయన బండి చుట్టూ తిరగనే లేదు.
ఇంజను మీద చెయ్యేసి, కళ్ళు మూసుకుని,
"మూడో సిలిండరు అబద్ధమాడతా ఉండాది" అన్నాడు.

గుజ్జు ఫ్యాక్టరీలో నాది తీపి కొలిచే పని.
గాజు మీద ఒక చుక్క వేసి, వెలుగుకెత్తి పట్టి,
తోతాపురికి ఇంత, నీలానికి ఇంత అని రాస్తాను.
సీజను మూడు నెలలే.
ఓవర్‌టైము డబ్బులన్నీ బండి కిందికి దూరేవి.

ఒక వేసవి, పొట్టి స్ప్రింగులు.
కోయంబత్తూరు నుంచి బస్సు డిక్కీలో వచ్చాయి.
మరుసటేడు వెడల్పు టైర్లు.
పుదుపేటలో, ఏ చచ్చిన బండిదో, బకెట్టు సీటు,
దాని కుట్ల సందులో
ఎవరిదో ఒక రూపాయి బిళ్ళ.
సైలెన్సరు మాత్రం మేస్త్రే చేశాడు,
లేతు దగ్గర రెండు రాత్రులు కూచుని.
ఆ శబ్దానికి మా వీధి కుక్కలు
మొదట్లో మొరిగేవి.
ఇప్పుడు మలుపు దాకా ఎదురొస్తాయి.

ఎదురింటి సరోజమ్మ
ఆడమనిషికి ఇదేం పిచ్చి అనలేదు.
"ఎంత పోతాది?" అనడిగింది.
బెంగుళూరు రోడ్డు మీద చూపించాను.
పైట అదిమిపట్టుకుని
"ఇంకొంచెం" అనింది.

పీకిన ప్రతి సామాన్నీ మేస్త్రి
గోనెసంచిలో వేసేవాడు.
పాత సైలెన్సరు, పాత స్ప్రింగులు, గాలి డబ్బా,
ఒక్కోదాని మీదా సున్నంతో తేదీ.
ఎందుకంటే,
"పుట్టినింటిని పారేస్తారామ్మా" అనేవాడు.

ఇరవయ్యో ఏడు. రిజిస్ట్రేషను మళ్ళీ చేయించాలి.
బ్రేకు ఇన్‌స్పెక్టరు చూస్తాడు, వింటాడు.
మేస్త్రి సంచి మూతి విప్పాడు.
రెండు రోజులు, వెనక్కి వెనక్కి,
ఒక్కో వేసవినీ ఊడదీసుకుంటా పోయి
కంపెనీ గేటు దాటిననాటి బండిని
నా ముందు నిలబెట్టాడు.

నడిపి చూశాను.
మెత్తగా ఉంది. మర్యాదగా ఉంది.
గుంతలో దిగితే
మన్నించమన్నట్టు ఊగింది.
దీన్ని ఎవరో కొనుక్కున్నారు,
పిల్లల్ని ఎక్కించుకుని కాణిపాకం పోయుంటారు,
వెనకసీట్లో ఎవరో నోరు తెరిచి నిద్రపోయుంటారు.
నేను కాదు.

ఇన్‌స్పెక్టరు చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి
పెన్సిలుతో రుద్దించి,
"ఇన్నేళ్ళు ఒక్కటీ మార్చకుండా పెట్టుకున్నారే!" అన్నాడు.
మేస్త్రి నేల చూస్తా నిలబడ్డాడు.
ఆ మెచ్చుకోలు ఎవరు తీసుకోవాలో
మా ఇద్దరికీ తెలీలేదు.

ఆ రాత్రే మళ్ళీ మొదలుపెట్టాం.
నేను టార్చి పట్టుకున్నాను, టీ తెచ్చాను,
రెండుసార్లు స్పానరు నంబరు తప్పిచ్చి తిట్లు తిన్నాను.
తెల్లారేసరికి అన్నీ బిగిశాయి,
ఒక్క బోల్టు మిగిలింది.
పది నంబరుది. తల ఒకపక్క అరిగింది.
సున్నం లేదు, తేదీ లేదు.
పాత బండిదా, నా బండిదా?
మేస్త్రి వేళ్ళ మధ్య తిప్పి, వాసన చూసి,
"దానికే తెలియాల" అన్నాడు.

యాష్‌ట్రేలో వేశాను.
మొగిలి ఘాట్లో, రెండో గేరులో, మలుపు మలుపుకీ
ఈ గోడకీ ఆ గోడకీ కొట్టుకుంటా వచ్చింది.
బకెట్టు సీట్లోంచి సరోజమ్మ
చెయ్యి చాపి మూత మూసింది.

కొంతదూరం పోయినాక
మళ్ళీ తనే తెరిచింది.