సార్టెక్స్

మిర్యాలగూడ మిల్లుల మట్టయ్య
ఇరవై రెండేండ్లు బియ్యం రంగు చూసిండు.
నల్లగింజ కనబడితే
మిషను టక్కున గాలి కొట్టి అవతల పారేస్తదని
పెండ్లయిన కొత్తల చెప్పిండు నాకు,
ఆ గాలి తనే ఊదినట్టు.

ముందుగాల తవుడును తలుపు అన్నడు.
నవ్వినం.
ఎండలు ముదిరేసరికి తలల గడ్డ, బత్తాయంత.
కోసి తీసిండ్రు. మొత్తం రాలేదన్నరు.

నల్లగొండ డాక్టరమ్మ కాయితం మీద సుక్కలు పెట్టి చెప్పింది:
"దీంట్ల కణాలన్నీ ఒక్క తీరువి కావమ్మా.
పుట్టుక ఒక్కటే, గుణాలు వేరు.
కొన్ని ఉరుకుతయి, కొన్ని మెదడు లోపలికి పాకుతయి,
కొన్ని మందు తిరిగిపోయేదాంక పండుకుంటయి.
ఒకటి ఇంకోటిగ మారుతది గూడ."
సుక్కలన్నీ ఒక్క నీలి పెన్నుతోనే పెట్టింది.

బస్సుల అడిగిన, నువ్వైతే ఏంజేస్తవని.
మాట కోసం శానాసేపు తడుముకున్నడు.
"ఒక్క రంగుకే సెట్టింగు...
ఇంకో రంగు జారుతది."
తిప్పర్తి దాటినంక మళ్ల:
"కన్ను తుడవాలె."

ఇయ్యాల చాటల బియ్యం ఏరుతుంటె
పక్కకొచ్చి కూసున్నడు.
కుడిచెయ్యి సరిగ లేవదు. ఎడమచేత్తోని
ఒక్క గింజ తీసి వెలుతురుకు పట్టిండు.
నల్లదా తెల్లదా, నాకు కనబడుతనే ఉన్నది.
చెప్పలేదు.
ఎటు వెయ్యాల్నో తోచక
నా అరచేతిల పెట్టి
వేళ్లు ఒక్కొక్కటే మూసిండు.