గుండుసున్నా

హాలిఫాక్స్. యాభై ఆరు, నవంబరు.
క్లెగ్ గారు నన్నడిగింది ఒక్కటే:
"స్వెటర్ అల్లడం వచ్చా?"
వచ్చన్నాను.
"కాగితం చూసా, ఊహించా?"
కాగితం చూసే, అన్నాను.
సోమవారం నుంచి రమ్మన్నారు.

ఆ పనికి అప్పటికింకా పేరు లేదు.
రిజిస్టరులో నన్ను "టైపిస్టులు, ఇతరులు" కింద రాసుకున్నారు.

తివాచీల మిల్లులో ఉన్ని గోదాము ఖాళీ చేసి
యంత్రాన్ని కూర్చోబెట్టారు.
ఊడ్చే ఆడవాళ్ళు తడి కోట్లు
దాని వీపు వెనక ఆరేసుకునేవాళ్ళు.
దాని జ్ఞాపకమంతా పాదరసం గొట్టాల్లో.
ఒక చప్పుడు ఈ కొస నుంచి ఆ కొసకి ఈదుతూ
తనని తాను వల్లె వేసుకుంటూ ఉండేది.
కరెంటు పోయిందా, అంతే.
మళ్ళీ ఓనమాల నుంచి.

దానికి వచ్చినవి రెండే అంకెలు. మాకు పది.
కూలి మాత్రం
పన్నెండు పెన్నీలకో షిల్లింగు, ఇరవై షిల్లింగులకో పౌను.
ఈ ముగ్గురికీ రాజీ కుదర్చడానికి పదకొండు వారాలు పట్టింది.
ఒక్క చిల్లు తప్పి
రంగుల షెడ్డు మొత్తానికీ జీతాలు పెన్నీల్లో వచ్చిన శుక్రవారం సంగతి
నేను మాట్లాడను.

సాయంత్రానికి జుట్టు నిండా టేపు చిల్లుల పొట్టు.
"ఇవాళ ఎవరి పెళ్ళి?" అనేది ఇంటావిడ మిసెస్ గార్సైడ్.
మా ఊళ్ళో అక్షింతలంటే కాగితం ముక్కలే.

ఫిబ్రవరిలో గేటు దగ్గర ఒకావిడ నిలబడింది.
నెట్టీ సట్‌క్లిఫ్. మగ్గాల షెడ్డులో పనిచేసే మొగుడు పోయి
అప్పటికి మూడు వారాలు.
చేతిలో మూడు చీటీలు, మేము అచ్చేసినవే:
హెర్బర్ట్ సట్‌క్లిఫ్.
సున్నా పౌన్లు, సున్నా షిల్లింగులు, సున్నా పెన్నీలు.
ప్రతి శుక్రవారం ఖాళీ కవరుతో పాటు
మిల్లు కుర్రాడు ఇంటికి తెచ్చి ఇస్తున్నాడట.
"ఆయన లేడని చెప్పడానికి
ఇన్ని సున్నాలెందుకమ్మా?" అంది.
కోపంగా కాదు.

ఆ రాత్రి కూర్చుని ఒక్క ఆజ్ఞ రాశాను.
సున్నా అయితే అచ్చు వేయకు, దాటిపో.
టేపు మీద అరంగుళం.

తర్వాత చాలా రాశాను. బ్యాంకులకి, రైల్వేకి.
పనికి పేరొచ్చింది, నాకు తిరిగే కుర్చీ వచ్చింది.
ఆ అరంగుళం మాత్రం ఇప్పటికీ
కళ్ళు మూసుకుని వేలితో చదవగలను.

తర్వాతి శుక్రవారం చీకటి పడ్డాక
గేటు దగ్గర మళ్ళీ ఆవిడే.
"ఈ వారం చీటీ రాలేదేం?" అంది.

వాన పడుతోంది.
లోపలికి తీసుకెళ్ళి
ఆవిడ కోటు యంత్రం వెనక ఆరేశాను.