బొటనవేలు లేని తొడుగు

లెయిదా అల్లిన చేతితొడుగులకి
నాలుగు మాటలు రాసిపెట్టడం నా పని.
కురెస్సారెలో, చేపల గోదాము మీది గది.
కిటికీ అవతల సముద్రం గడ్డకట్టి
ఎవరూ రాయని కాగితంలా పడుకుని ఉంటుంది.

ఆమె పెట్టే పేర్లు వేరు.
బూడిదరంగు జత పేరు ‘రాని పడవ’.
ఎర్ర అంచుది ‘చెల్లి పెళ్ళిలో నేను మాట్లాడలేదు’.
ఆవపిండి రంగుది నా చేతిలో పెట్టి
"దీని పేరింకా తెలీదు,
ఓసారి తొడుక్కుని చూడు" అంటుంది.

ఆ పేర్లతో ఎవరు వెతుకుతారు?
లోకం వెతికేదేమిటో
నా బల్లమీద లెక్క ఉంది:
చలికాలం. ఉన్ని. ఆడవాళ్ళకి. చవగ్గా.
నెలకి తొమ్మిదివేల మంది
ఈ మాటలతోనే తలుపు తడతారు.
ఇంకో మాట ఎవరి నోటా రాదు.

మొదటి శీతాకాలం లెక్కనే నమ్మాను.
శీర్షికలో ఒకసారి, మొదటి వాక్యంలో ఒకసారి,
బొమ్మ కింద, మళ్ళీ చివర్లో
‘చలికాలపు ఉన్ని చేతితొడుగులు’.
గానుగెద్దులా తిరిగింది వాక్యం,
నూనెచుక్క రాలేదు.
చదివి వినిపిస్తే లెయిదా అల్లిక ఆపింది.
"చెవిటివాడికి చెప్పినట్టు చెబుతున్నావేం?"
చెవిటివాడికే, అన్నాను.
వెతికిపెట్టే యంత్రానికి చెవులుండవు, వేళ్ళుంటాయి,
లెక్కపెట్టుకోడానికి.
"తొడుక్కునే వాళ్ళకో?"

మరుసటేడు పంతం పట్టాను.
‘రాని పడవ’ అని పెట్టి
కింద ఆరు పంక్తుల పొగమంచు రాశాను.
నాకు నచ్చింది. సిగ్గు లేకుండా చెబుతున్నా, చాలా నచ్చింది.
ఓడల వేళలు వెతుక్కుంటూ ముగ్గురొచ్చి
తిట్టుకుంటూ వెళ్ళారు.
మార్చి దాకా ఒక్క జతా కదల్లేదు.
పెట్టెలో చిమ్మటపురుగులు మాత్రం
నా కవిత్వాన్ని అంచు నుంచి మొదలుపెట్టి
శ్రద్ధగా చదివాయి.

తరవాత బేరాలు.
గుమ్మం మీద అందరి మాట, గుమ్మం దాటాక ఆమె మాట.
చలికాలం ఉండనిచ్చాను, ఉన్ని ఉండనిచ్చాను.
‘చవగ్గా’ రాసి కొట్టేశాను,
వాచిన ఆమె వేలికణుపుల ముందు
ఆ మాట నిలబడలేకపోయింది.
వెయ్యిమంది పోతారని తెలుసు. పోయారు.

అట్టడుగున ఒక్క వాక్యం కోసం పోట్లాడుకున్నాం.
‘రంపపు మిల్లులో బొటనవేలు పోయిన ఎవాల్ద్‌కి
ఒకప్పుడు కుడి తొడుగు అల్లాను,
ఆ కుట్ల లెక్క నా చేతికింకా గుర్తే.’
తీసేద్దామన్నాను.
ఈ మాటలు నెలకి సున్నా మంది వెతుకుతారు, చూడు, సున్నా.
ఆమె చూడలేదు.
నూలుండ దొర్లి బల్లకిందకి పోతే
వంగి తీసుకుంది.
నేనూ వదిలేశాను, సగం బద్ధకంతో.

జనవరిలో వోరు నుంచి ఉత్తరం.
హెల్వే అనే ఆమె. రాత్రి మూడింటికి
నిద్రపట్టక ఇలా వెతికిందట:
‘బొటనవేలు లేని కుడిచేతికి
ఎవరైనా తొడుగు అల్లుతారా?’
మొగుడు ఖాళీ వేలు లోపలికి మడిచి
పిన్ను పెట్టుకుంటాడట,
ఆ పిన్ను అంగడిలో అందరికీ కనిపిస్తుందట.

లెక్క తీసి మళ్ళీ చూశాను.
అదే సున్నా.
పదిలోపు ఎంతమందున్నా
సున్నా అనే చూపిస్తుందని
కింద చిన్న అక్షరాల్లో ఉంది.
ఇన్నేళ్ళూ చదవలేదు.

లెయిదాకి చెప్పాను.
"ఎంతమందొచ్చారు?"
ఒక్కరే.
"ఒక చెయ్యికి ఎంతమంది కావాలి?" అని
కొలత అడిగింది, రంగు అడిగింది,
మణికట్టు దగ్గర గాలి దూరుతుందేమో అడగమంది.

ఆవపిండి జతకి ఇంకా పేరు రాలేదు.
శీర్షికలో ‘చలికాలపు ఉన్ని’ అని కొట్టాను, అది తప్పదు.
కింది వాక్యం కోసం
వాటిని తొడుక్కునే టైపు చేస్తున్నాను.
వేళ్ళు మందం, అక్షరాలు తప్పుతున్నాయి,
ఒక తప్పు మాత్రం
దిద్దబుద్ధి కావడంలేదు.