డోర్ లాక్

ఎండకి మీటరు అద్దంలో నా మొహమే కనిపిస్తుంది
చెయ్యి అడ్డం పెడితే గానీ అంకెలు తెలియవు.
పదకొండేళ్ళుగా ఇదే నా రూటు,
గుంటూరులో పొగాకు కంపెనీల వెనకవీధి నుంచి రైలు గేటు దాకా
నాలుగు వందల పన్నెండు సర్వీసులు.

అందులో ఒకటి తిరగదు.
తుప్పు గేటు, గేటుకి గొలుసు, గొలుసుకి తాళం,
తాళానికి ఎవరో కట్టి మర్చిపోయిన నిమ్మకాయ.
మిషన్‌లో నేను కొట్టేది రెండే మాటలు:
డోర్ లాక్.

లోపల ఏముందో నాకు తెలుసు.
ఆరేళ్ళప్పుడు అమ్మకి అన్నం గిన్నె తెచ్చేవాణ్ణి.
చువ్వల్లోంచి ఆమె చెయ్యి మాత్రం బయటికొచ్చేది,
ఆకు జిగురు పెంకు కట్టి, గోళ్ళ దాకా నల్లగా.
ఆ చేదు చేత్తో కలుపుకోలేక చెంచాతో తినేది.
దొరసాని అని నవ్వేవాళ్ళు బయట.

మూడు వందల మంది ఆడవాళ్ళు, నేలమీద వరసలు.
ఆకుని వెలుగుకి ఎత్తాలి, రంగు చెప్పాలి.
నిమ్మపండు రంగుదొక కుప్ప, నారింజదొకటి,
మచ్చది వేరు, పచ్చిది వేరు.
ఇదంతా లండన్ పోతుందనేవాడు మేస్త్రీ పిచ్చేశ్వర్రావు.
బాపట్ల దాటాక వస్తుంది గావాల్ననుకునేది ఎలీశమ్మత్త.

ఏడింటికి కూత.
అప్పటికి పాలు పొంగి ఉండాలి, పిల్లలు లేచి ఉండాలి.
రెండో కూతకి గేటు పడిందంటే అరపూట కూలి పోయినట్టే.
పేట మొత్తానికి గోడ గడియారం మస్తాన్‌బీ ఇంట్లోనే,
అది కూడా కూతని విని సరిచేసుకునేది.

సాయంత్రం తడిమి పంపేవాళ్ళు.
కొంగు దులపాలి. కొప్పు విప్పాలి.
ఒకరోజు అమ్మ విప్పనంది.
మర్నాడు కూతకి ఒక్క పొయ్యీ వెలగలేదు,
ఆ మర్నాడూ.
పంతొమ్మిది రోజులు ఏం తిన్నామో గుర్తులేదు.
ఎలీశమ్మత్త చాప మీద కూర్చుని
ఆడవాళ్ళందరికీ వరసగా తల దువ్వటం గుర్తుంది.
గట్టిగా లాగి, బిగించి,
ఎవడూ విప్పలేనట్టు ముడేసేది.

తడమటం ఆగింది.
ఆరేళ్ళకి కంపెనీయే ఆగింది.
ఆ రెంటికీ సంబంధం లేదని నేను లెక్కలేసి చెప్తాను,
అమ్మ తలూపుతుంది, నమ్మదు.

పక్క గోడౌన్ ఇప్పుడు ఫంక్షన్ హాలు.
దాని పక్కది కోచింగ్ హాస్టలు,
గోడకి మొహం పెట్టి ఫిజిక్స్ చదివే పిల్లలు.
వానాకాలం రీడింగుకి పోతే ఒకడు గుసగుసగా,
“అంకుల్, ఎవరో సిగరెట్ తాగుతున్నారు, వార్డెన్‌తో చెప్పరా?”
గోడ తాగుతోంది నాయనా, అన్నాను.
పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు.

అమ్మకి శుక్లాల ఆపరేషనైంది మొన్న.
కట్టు విప్పగానే కిటికీ కర్టెన్ కేసి చూసి
“నారింజ, రెండో రకం” అంది.
నర్సుకి అర్థం కాలేదు.

చచ్చిన సర్వీసుల జాబితా ఇమ్మన్నారు ఆఫీసులో.
అన్నీ రాసిచ్చాను, దీన్ని తప్ప.
ఏఈ అడిగితే ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు.

ఇవాళ కూడా బిల్లు కొట్టి గొలుసు సందులో దోపాను.
పాతవన్నీ అక్కడే ఉన్నాయి.
అంకెలు ఎగిరిపోయాయి, కాగితాలు ఎండిపోయాయి.
పోయినేడువి నిమ్మరంగుకొచ్చాయి,
అంతకు ముందువి నారింజకి,
అడుగున ఒకటి మచ్చది.
దాన్ని తీసి కాసేపు ఎండకెత్తి చూశాను.

తర్వాతి మీటరు మస్తాన్‌బీ మనవడిది.
కుక్కుంటుంది, బయటనుంచే పిలవాలి.