వెనక్కి నడిచిన కాలు

లెర్విక్‌లో రాత్రి ఓడ ఎక్కేటప్పుడు
కుడికాలు నాతో రానంది.
మాగ్నస్ చంక కింద చెయ్యేసి
"అల తగ్గనీ ఇంగా" అన్నాడు.
అలదేం తప్పు లేదు. సముద్రం
తేరుకున్న మజ్జిగలా ఉంది.

ఆబర్డీన్ ఆసుపత్రిలో ఒక ట్యూబులైటు
కందిరీగలా గీపెడుతోంది.
నా ఒక్కదానికే వినిపిస్తుందని
చిన్నప్పటి నుంచీ తెలుసు.
ఎదుటివాళ్ళ కనుబొమల మధ్య చూడాలి,
మూడు లెక్కపెట్టి తలూపాలి,
వాళ్ళు నవ్విన అర క్షణానికి నవ్వాలి.
అన్నీ నేను చేత్తో తిప్పే మరలు.
మిగతావాళ్ళకి వాటంతటవే తిరుగుతాయట.

ముప్పై ఎనిమిదేళ్ళు నటించాను,
ఒక్కరూ పట్టుకోలేదు.
నటించడం చేతకాని ఈ కాలు చచ్చుబడితే
నటన అన్నారు.
అన్నాయన మంచి డాక్టరే,
మా వదినకి పురుడు పోసింది ఆయనే.

డాక్టర్ ఒయెలారన్ ముందు ఆ లైటు ఆర్పింది.
కిటికీ వెలుతురు చాలంది.
"ఎడమకాలు ఎత్తండి."
ఎత్తాను.
కుడి మడమ కింద ఉన్న ఆమె అరచేతిని
నా కుడికాలు గట్టిగా అదిమింది,
నన్ను అడక్కుండా.
"బలం ఉంది. మీరు వెతికితే దాక్కుంటోంది."
చెవులు కాలిపోయాయి నాకు.
ఆమె గొంతులో మాత్రం దొరికిపోయిన దొంగ లేదు,
జాతరలో తప్పిపోయిన పిల్ల దొరికినట్టుంది.

మా అమ్మమ్మ లేసు అల్లుతూ
ఊళ్ళో వాళ్ళ గుట్లన్నీ విప్పేది.
చూస్తే కుట్టు జారుతుందే అనేది.
నేను ప్రతి కుట్టునీ చూస్తూనే బతికాను.
నవ్వుని, చూపుని, గొంతు ఎత్తుపల్లాన్ని.
ఆ కాపలా చూపు ఎప్పుడు జారి
కాలి మీద పడిందో!

"ఆటిజమూ ఇదీ ఒకటేనా?" అడిగాను.
"తెలీదు.
ఒకే ఇంట్లో తరచూ కనిపిస్తున్నాయి,
చుట్టరికం ఇంకా తేలలేదు" అంది.
తెలీదన్న మాట మీద
అంతసేపు కూర్చోవచ్చని అప్పుడే తెలిసింది.

వరండాలో ఫిజియో పిల్ల
"వెనక్కి నడవండి" అంది.
పిచ్చి మాట అనుకున్నాను. నడిచాను.
మందుల బండి దాటి, మంచినీళ్ళ కుళాయి దాటి,
రెండు కాళ్ళతో.
మాగ్నస్ నోట్లో బిస్కెట్టు నమలడం మరిచాడు.

నా మొహం అప్పుడెలా ఉందో
నాకు తెలియదు.
సరిచూసుకోలేదు.