చీమకుర్తి నుంచి వెరోనాకి, ఆరు రోజులు

జిలానీ,
దోహాలో ఎనిమిది గంటలు ఆగాల.
కుర్చీలో కునుకు తీసినా
గేటు నంబరు మళ్లీ చూసుకో,
మనం నిద్రపోతే అది మారుద్ది.

పాస్‌పోర్టు లోపలి జేబులో.
చిల్లర యూరోలు పైజేబులో,
ఆడ ఒంటేలుకీ డబ్బులే.
రైలెక్కే ముందు టికెట్టుకి ముద్ర కొట్టించు.
నేను కొట్టించక యాభై కట్టా.
సేటుకి చెప్పలా.

ఎగ్జిబిషన్లో అందరూ రాయి ధరే అడుగుతారు,
దుమ్ము సంగతి ఎవరూ అడగరు.
నువ్వూ ఆడ దగ్గమాక.

చివరి రోజు ఖాళీ.
ఏదో బ్యాంకు మెట్ల మీద
నల్లగా, బంగారు చుక్కల్తో
మన రాయి కనపడుద్ది.
ఫోటో తర్వాత.
ముందు వంగి, వేలి కణుపుతో తట్టు,
క్వారీలో బండని తట్టినట్టే.
ఎట్టా మోగిందో
వచ్చి చెప్పు.