నాలుగో ఛాంబరు

ఏటుకూరు రోడ్డులో మా కోల్డ్ స్టోరేజీకి
సరుకు లేకుండా మనిషి రావడం అదే మొదలు.
చేతిలో రసీదు లేదు, వెనక లారీ లేదు.
"పరంజ్యోతి మాస్టారి భార్యని.
ఒక్కసారి లోపల నిలబడనిస్తావా, మస్తాన్?"

మాస్టారు తొమ్మిదో తరగతిలో నాకు ఉష్ణం పాఠం చెప్పారు.
ఇప్పుడు దేశం కాని దేశంలో
ఉక్కు పీపాలో తలకిందులుగా ఉన్నారు,
సున్నాకి నూట తొంభై ఆరు డిగ్రీలు కింద.
వైద్యం ఎదిగేదాకానట.
మా రైతులు ధర వచ్చేదాకా అన్నట్టే.

మాటలకే కష్టం వచ్చిపడింది మా వీధిలో.
పోయారందామంటే, పోలేదు, పంపించారు.
కాలం చేశారందామంటే,
ఆయన కాలం చేయలేదు, దాచుకున్నారు.
చల్లగా ఉండమని దీవించే ముసలమ్మ
ఆ ఇంటి ముందు నోరు నొక్కుకుంటోంది.
కార్పొరేషన్ వాళ్లొక్కరే తడబడలేదు.
మరణ ధ్రువపత్రం రెండో రోజే ఇచ్చారు,
పేరులో ఒక అచ్చుతప్పుతో.

మాలో అయితే పొద్దుగూకేలోపు మట్టి.
వాళ్లకి పదకొండో రోజు
ఏ రోజు నుంచి లెక్కపెట్టాలో అయ్యగారు తేల్చలేదు.
హైమవతమ్మ పిండం పెట్టలేదు.
కాకి మాత్రం వచ్చింది, డాబా మీది వడియాలకి.

నా స్వెట్టరూ మంకీ క్యాపూ ఇచ్చాను.
ఇనుప తలుపు లాగితే పొగలా చలి.
తేజ, బాడిగ, మూడొందల నలభై ఒకటి,
అంతస్తులంతస్తులుగా బస్తాలు,
ఎర్రగా ఊపిరి బిగబట్టి.
"ఇవి బతికున్నట్టేనా?"
"విత్తనం సంగతి చెప్పలేనమ్మా. రంగు మాత్రం పోదు."
ఆమె ఒక బస్తా మీద అరచెయ్యి ఆనించింది.
"ఆయనకి చలి పడేది కాదు.
డిసెంబర్లో మంచినీళ్లు కూడా కాచి ఇవ్వాల్సిందే."

అంతలో కరెంటు పోయింది.
టార్చి ఆమె చేతిలో పెట్టి
జనరేటర్ దగ్గరికి పరిగెత్తాను.
కంప్రెసర్ ఆగితే నాకెప్పుడూ గుండె జారుతుంది.
ఈసారి ఆ నిశ్శబ్దంలోంచి
గోడ దాటి వచ్చింది ఏడుపు,
మూడు నెలలుగా మా వీధి ఎదురుచూసినది,
చంటిపిల్లలా, ఎగశ్వాసతో.
మోటారు అందుకోగానే ఆగింది.

బయటికొచ్చి కళ్లొత్తుకుంటూ
"ఎంత ఘాటయ్యా," అంది.
ఐదు డిగ్రీల్లో మిరప ఘాటు కూడా నిద్రపోతుంది.
నేనేమీ అనలేదు. టీ తెప్పించాను, తాగలేదు.

ఆమె ఆటో ఎక్కాక రిజిస్టరులో రాశాను:
కరెంటు పోయింది మూడూ పన్నెండుకి.
జనరేటర్ అందుకుంది మూడూ పదహారుకి.
సరుకుకి నష్టం లేదు.